ఆ గడిలో ఏం రాయాలి?

మొన్న క్లాసయ్యాక ఒక పిల్లాడు ఆగాడు. మా వాడ వాడే. "సార్, చిన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చేవి. అగ్నివీర్ మెడికల్‌లో అడిగితే లేవని చెప్పమంటున్నాడు కోచింగాయన. ఏం చెయ్యమంటారు?"

వెంటనే నోరు రాలేదు. నెల తిరిగితే జీతం పడే నాకు నీతి చెప్పడం తేలిక. వాడికి ఆ ఉద్యోగమంటే చెల్లి చదువు, అమ్మ అప్పు.

అయినా చెప్పెయ్యమనే అన్నాను. చేతిలో తుపాకీ ఉండగా ఫిట్స్ వస్తే పోయేది వాడు, లేదా పక్కవాడు. ఇంకోటి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? చేరేటప్పుడు రికార్డులో లేని జబ్బు తర్వాత బయటపడితే సర్వీసు వల్లే వచ్చిందనుకోవాలి, కాదని రుజువు చేయాల్సింది సైన్యమే అంది. ఆ సిపాయిదీ ఫిట్సే. వైకల్య పింఛను గెలుచుకున్నాడు. అగ్నివీర్‌కి పింఛను లేదు గానీ, వైకల్య పరిహారానికీ అదే ప్రశ్న: జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా? దాచి చేరినవాడు ఆ ప్రశ్న ముందు ఏ బలంతో నిలబడతాడు?

బాబాసాహెబ్ తండ్రి రాంజీ సుబేదార్. తర్వాత "యోధ జాతి" కాదంటూ మహర్ల భర్తీ ఆపేశారు. 1941లో గానీ మహార్ రెజిమెంట్ రాలేదు. ఆనాడు మన ఒంట్లో జబ్బు లేదు, కులాన్నే జబ్బుగా రాశారు. అది అబద్ధం, అందుకే కొట్లాడాం. వీడి ఫిట్స్ నిజం. నిజం చెప్పి రివ్యూ అడుగుదాం. అన్‌ఫిట్ అంటే వాడి తప్పు కాదు. ఆ ఒక్క ఉద్యోగం తప్ప వాడికి ఇంకో దారి లేకుండా చేసిందెవరో, అది అడుగుదాం.

జై భీమ్.