అడవి ఆముదం కంచెకే, చేనుకు కాదు

పై వీడియోలో గట్టు మీద కనిపిస్తున్నది అడవి ఆముదం. నేపాళం అనీ, జట్రోఫా అనీ అంటారు. మన ఆముదం కుటుంబమే గానీ పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. కొమ్మ నరికి పాతితే చాలు, వేళ్లు తన్నేస్తుంది. ఆకు మేక కూడా ముట్టదు. అందుకే పశువుల నుంచి చేను కాయడానికి ఇంత చవకైన కంచె ఇంకోటి లేదంటాను.

2003లో ప్రణాళికా సంఘం కమిటీ బయోడీజిల్ కోసం దీన్నే సిఫారసు చేసింది. నీళ్లక్కర్లేదు, బీడులో పండుతుందన్నారు. ఎండకు చావదు, నిజమే. చావకపోవడం వేరు, కాయడం వేరు కదండీ! నీళ్లందకపోతే ఆకు రాల్చేసి ప్రాణం నిలుపుకుంటుంది, ఇక కాయ ఎక్కడిది? పైగా గుత్తిలో మగపూలు బోలెడు, ఆడపూలు కొన్నే. కాయకు రెండు మూడు గింజలు, అవీ ఒక్కసారే పండవు. ఏరిన కూలి కూడా రాదు.

మళ్లీ ఎవరైనా మొక్కలిచ్చి ఎకరాల్లో వేయమంటే ఒప్పుకోవద్దు. గట్టు మీద వేసినా గింజలు పిల్లల చేతికి అందనీయకండి. రుచిగా ఉన్నాయని తింటే వాంతులు, విరేచనాలే. గానుగాడిన చెక్క ఎరువుగా వేసుకోవచ్చు, పశువులకు మాత్రం పెట్టకండి.