దొరలు పోయినా దండు చట్టం మిగిలింది

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందం ఫలితంగా హుస్సేన్‌సాగర్ అవతల తెల్లదొరల దండు వెలిసింది. 1806లో దానికి సికందర్ జా పేరు పెట్టారు. దండు అవసరాలకు పుట్టిన పాలనా పద్ధతి 1924 నాటి కంటోన్మెంట్ల చట్టంలో స్థిరపడింది. స్వాతంత్ర్యానంతరం కూడా దాదాపు ఆరు దశాబ్దాలు అదే చెల్లింది. 2006లో కొత్త చట్టం చేసినా బోర్డు అధ్యక్ష పీఠం సైనికాధికారికే దక్కింది. ఓల్డ్ గ్రాంటు బంగళాలలో కట్టడం అనుభవదారునిది, నేల సర్కారుది. అందువల్ల సొంత ఇల్లున్నా దాని పూర్తి విలువ చేతికందదు. 2015లో బోర్డుకు ఎన్నికలు జరిగాయి. 2023లో ప్రకటించినవి రద్దయ్యాయి. రక్షణ అవసరాలను ఎవరూ కాదనరు. అయితే పన్ను కట్టే పౌరునికి నేలపై స్పష్టమైన హక్కు, పాలనలో ఓటు ఉండితీరాలి. దండు కోసం రాసిన నియమాలతో బస్తీలను ఏలడం న్యాయం కాదు.