బందరు కోఠీ నుండి హైదరాబాదు కోఠీ దాకా



మొన్నటి సెలవులలో మదరసా పిల్లలను కొందరిని వెంటబెట్టుకొని కితాబులు కొనడానికి హైదరాబాదు వెళ్ళాను. బస్సులో కండక్టరు "కోఠీ, కోఠీ" అని కేక వేయగానే ఒక చిన్నవాడు నా చేయి పట్టుకొని "హజ్రత్, ఎవరి కోఠీ?" అని అడిగాడు. దిగే తొందరలో "తెల్లదొరలది బేటా" అని ఊరుకున్నాను. అది సగం జవాబే. మిగిలిన సగం ఈ నెల చెప్పదలచాను.

కోఠీ అంటే పెద్ద భవనం. వర్తకుడు సరుకు నిలువచేసుకొని, లెక్కలు రాసుకొని, కాపురముండే ఇంటికి కూడా పూర్వం అదే పేరు. ఆంగ్లేయుల తొలి కోఠీలలో ఒకటి మన మచిలీపట్నంలోనే వెలసింది. ఆ ఊరిని జనం బందరు అంటారు. ఫార్సీలో బందర్ అంటే రేవు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం అదే. హజ్ యాత్రికులు కూడా అక్కడ ఓడ ఎక్కి ఎర్ర సముద్రం వైపు సాగేవారు. 1606 నాటికి డచ్చివారు, 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఆంగ్లేయులు అక్కడికి చేరారు. అందరికీ కావలసింది మన నేతగాళ్ళ కలంకారీ, రంగు బట్టలు. 1632లో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా ఏడాదికి 500 పగోడాలు చెల్లిస్తే చాలు, తన రేవులలో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చునని ఆంగ్లేయులకు ఫర్మానా ఇచ్చాడు. దానిని 'బంగారు ఫర్మానా' అని పిలుచుకొని వారు మురిసిపోయారు.

సుల్తాను అమాయకుడని అనుకోవద్దు. వారు వెండి తెచ్చి బట్ట కొనుక్కొని పోతున్నారు. పన్ను వస్తోంది, మగ్గాలు ఆడుతున్నాయి. అందులో తప్పుపట్టవలసినదేమీ నాకు కనబడదు. ఆ కోఠీ దాదాపు నూట యాభై ఏళ్ళు కోఠీగానే ఉంది. అక్కడి వర్తకులు మన అధికారుల ముందు వంగి సలాము చేశారు, కానుకలు సమర్పించారు, అవమానాలు దిగమింగారు. విసిగిపోయి దక్షిణాన సొంత గోడల కోసం వెదికి, 1639లో ఒక నాయక ప్రభువు వద్ద కొంత తీరభూమి పొంది మద్రాసు కోట కట్టుకున్నారు. అయినా లోపలి దేశం వారి చేతికి రాలేదు. కోఠీకి గోడ కట్టినంత మాత్రాన రాజ్యం రాదు. లోపలివారు తమలో తాము కొట్లాడుకుంటూ ఆ గోడ వెనుక నున్న తుపాకిని అద్దెకు పిలిచిన రోజున వస్తుంది.

ఆ రోజు 1748 తరువాత వచ్చింది. మొదటి నిజాం ఆసఫ్‌జా కన్నుమూయగానే గద్దె కోసం కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫ్ఫర్ జంగ్ తలపడ్డారు. మూడేళ్ళు నిండకముందే ఇద్దరూ హతులయ్యారు. ఫ్రెంచి సేనాని బుస్సీ మూడవవాడైన సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించి అతని పక్కనే సైన్యంతో నిలిచాడు. సైన్యానికి జీతం కావాలి, ఖజానాలో సొమ్ము లేదు. 1753లో జీతాల కింద ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోల్ సర్కారులను ఫ్రెంచివారికి రాసి ఇచ్చారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ సర్కారులు యుద్ధంలో ఓడి పోయినవి కావు, జీతం బాకీ కింద పోయినవి. తరువాతి నూరేళ్ళ కథ అంతా ఈ పద్దులోనే ఉంది.

బొబ్బిలి కథ తెలియని తెలుగువాడు లేడు. 1757లో విజయనగరం రాజు తన పొరుగువాని మీది పగ తీర్చుకొనడానికి బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకొని పోయాడు. ఫలితం ఎరుగుదుము. ఆ మరుసటి ఏడే విజయనగరం వారసుడు ఫ్రెంచివారి మీద కోపంతో ఆంగ్లేయులను పిలిచాడు. క్లైవు బెంగాలు నుండి కర్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడారు. 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఫోర్డు మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. ఫ్రెంచివారికి తోడుగా సైన్యంతో బయలుదేరి వచ్చిన సలాబత్ జంగ్, ఆ రేవును, దాని చుట్టుపట్ల సీమను ఆంగ్లేయులకే రాసి ఇచ్చి వెనుదిరిగాడు. పూర్వం 500 పగోడాలకు వ్యాపారపు అనుమతి పొందిన చోటనే ఇప్పుడు వారు ప్రభువులు.

1766లో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను కంపెనీకి వదిలాడు. బదులుగా కంపెనీ ఏటా తొమ్మిది లక్షల పేష్కష్ చెల్లించాలి, అవసరమైనప్పుడు సైన్యం పంపాలి. ఈ బేరం నడిపినవారిలో కాండ్రేగుల జోగిపంతులు అనే మన దుబాసీ ఉన్నాడు. బయటివాడికి లోపలివాడి నోరు ఎప్పుడూ కావలసిందే.

ఇక 1798. నేను ఫిఖహ్‌లో బైఅ, ఇజారా, రహన్ అధ్యాయాలు బోధించేవాణ్ణి గనుక ఒప్పంద పత్రాలను ఆ దృష్టితోనే చదువుతాను. ఆ ఏడాది సంధి ప్రకారం కంపెనీ సిపాయిలు ఆరువేలమంది హైదరాబాదులో శాశ్వతంగా ఉంటారు. నిజాం వారికోసం ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. తన కొలువులోని ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. మాటకు ఇది ఇజారా, అనగా అద్దె. కాని అద్దెకు తెచ్చుకున్న వస్తువును వద్దనుకుంటే తిరిగి పంపే హక్కు ఉండాలి. ఇక్కడ అద్దెకిచ్చినవాడి చేతిలో తుపాకి ఉంది, తీసుకున్నవాడి దళం నిరాయుధమైంది. రెండేళ్ళు తిరగకుండానే సైన్యం పెరిగింది, ఖర్చూ పెరిగింది. 1800లో మైసూరు యుద్ధాలలో తన వంతుకు వచ్చిన బళ్ళారి, అనంతపురం, కడప సీమలను నిజాం ఆ ఖర్చు కింద కంపెనీకి దత్తం చేశాడు. నేటి రాయలసీమ చాలాకాలం 'దత్తమండలాలు' అన్న పేరు మోసింది అందువల్లనే. హుస్సేన్‌సాగర్‌కు ఆవల వెలసిన ఆ సిపాయిల దండుకు 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు వచ్చింది.

అంతటితో ఆగలేదు. కంటింజెంటు అనే మరొక సైన్యం పుట్టింది. యుద్ధకాలంలో ఇంత సేనను తోడుగా పంపాలని 1800 సంధిలో ఉంది. శాంతికాలంలో ఆంగ్ల అధికారుల కింద నిత్యం పోషించాలని లేదు. అయినా ఖర్చు నిజాం పద్దులోనే పడింది. జీతాలకు పామర్ అనే సాహుకారు కంపెనీ వద్ద హెచ్చు వడ్డీకి అప్పు తెచ్చారు. 1823లో ఆ అప్పు తీర్చడానికి, ఉత్తర సర్కారుల మీద కంపెనీ నుండి ఏటా రావలసిన పేష్కష్‌ను ఒక్కసారి సొమ్ముగా మార్చి వదులుకోవలసి వచ్చింది. సర్కారులు పోయాయి, వాటి కిరాయీ పోయింది. తిరిగి బాకీ పేరుకున్నది. 1853లో డల్హౌసీ ఆ బాకీ చూపి బీరారును తన అధికారుల ఆధీనంలోకి తీసుకున్నాడు. తాకట్టు సొమ్మును అప్పిచ్చినవాడు అనుభవించడాన్ని ఎందరో ఫకీహులు వడ్డీతో సమానంగా చూశారు. బీరారు విషయంలో అనుభవం మాత్రమే మిగిలింది, విడిపించుకొనే దారి మూసుకుపోయింది. సాలార్‌జంగ్ తన దీవానుగిరీ కాలమంతా దానికోసం లేఖలు రాస్తూనే గడిపాడు. చివరకు 1902లో కర్జన్ దానిని ఏటా పాతిక లక్షలకు శాశ్వత కౌలుగా మార్చుకున్నాడు.

ఇదంతా చెల్లించింది ఎవరని మీరు అడగవచ్చు. సంధి పత్రాలలో వారి పేర్లు లేవు. సేన జీతం శిస్తునుండి వస్తుంది, శిస్తు పొలంనుండి వస్తుంది. మన తాతముత్తాతలు, హిందువులైనా ముసల్మానులైనా, ఆ పొలాలలోనే ఉన్నారు. దర్బారులో సంతకాలు చేసిన పెద్దలను నేను వెనకేసుకొని రాలేను. వారిలో కొందరికి కంపెనీ నుండి పింఛన్లు కూడా ముట్టాయి.

తిరుగు ప్రయాణంలో ఆ చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ఇదంతా వాడికి అర్థమయ్యేలా చెప్పాను. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కాలంలో లేచిన ఆ భవనానికి అయిన ఖర్చు కూడా నిజాందేనని, తరువాత అందులో ఆడపిల్లల కళాశాల నడిచిందని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి "అయితే కోఠీ మనదే కదా హజ్రత్?" అన్నాడు. నేను నవ్వి తల ఊపాను. వాడు ఊరుకోక, "మరి వాళ్ళని ఎవరూ వెళ్ళిపొమ్మనలేదా?" అని మళ్ళీ అడిగాడు.

అన్నవారున్నారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనంతో కలిసి ఆ కోఠీ గేటు మీదికే వెళ్ళారు. వారి సంగతి ఇన్షా అల్లాహ్ వచ్చే నెల.