ఫిలిం నేర్పే నిదానం

నేడు విద్యార్థి చేతిలోని ఫోను ఒక్క సాయంత్రంలో వందలాది చిత్రాలు తీయగలదు. అటువంటప్పుడు ఫిలిం కెమేరాతో ప్రకృతి దృశ్యాలు తీయడం వృథా శ్రమ కాదా అని కొందరు ప్రశ్నించవచ్చు. కాదని నా అభిప్రాయం.

120 రకం ఫిలిం చుట్టపై చదరపు చిత్రాలు 12 మాత్రమే పడతాయి. ఆ పరిమితియే గురువు. 1927లో అమెరికాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ శిల ఎదుట నిలిచిన ఆన్సెల్ ఆడమ్స్ వద్ద మిగిలినవి రెండే గాజు పలకలు. ఒకదానిని పసుపు ఫిల్టరుతో తీశాడు. తాను దర్శించిన గాంభీర్యం అందులో రాదని గ్రహించి, చివరి పలకను ఎర్ర ఫిల్టరుతో తీశాడు. ఆకాశం నల్లబడి శిల ప్రకాశించింది. చిత్రం ముందు మనస్సులోను, పిదప పలకపైన ఏర్పడింది.

మన హైదరాబాదు చుట్టూ సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలున్నాయి. కట్టడాల కోసం అవి పగిలిపోతున్నాయి. వాటి ఎదుట ఒక గంట వేచి, ఒక్క చిత్రం తీసిన విద్యార్థులు వాటిని మరువలేరు.

ఖర్చు అధికమన్నది నిజమే. కనుక ప్రతివారూ కెమేరా కొనాలని నేననను. కళాశాల కమిటీవారు ఒక పాత కెమేరాను, ఒక చీకటి గదిని సమకూర్చితే పదిమంది వంతులవారీగా నేర్వగలరు. ఈ సాధన బహుమతుల కొరకు కాదు, చూడడం నేర్చుకొనుట కొరకు.