ముందు బ్రేకు సరిచేసుకోండి

అల్ ఖోర్‌కు, దోహాకు మధ్య ఉన్న లుసైల్ సర్క్యూట్‌లో 2021లో తొలిసారి ఫార్ములా వన్ రేసు జరిగింది. ఎఫ్1 23 వీడియో గేమ్‌లోనూ ఆ ట్రాక్ ఉంది, ఇంట్లోనే స్టీరింగ్, పెడళ్లతో నడపొచ్చు. కిలోమీటరుకు పైగా ఉన్న స్ట్రెయిట్ చివర, మొదటి మలుపులో కారు పట్టు తప్పితే చాలామంది కొత్త స్టీరింగ్ కొనాలనుకుంటారు. నిజానికి ముందు చూడాల్సింది బ్రేకు పెడల్‌ని. మామూలు పెడల్ ఎంత దూరం దిగిందో కొలుస్తుంది. లోడ్ సెల్ పెడల్ ఎంత బలంగా తొక్కారో కొలుస్తుంది. పాదానికి దూరం కన్నా బలమే బాగా గుర్తుంటుంది. అయితే లోడ్ సెల్ కొంటే సరిపోదు. పెడల్ కదలకుండా బిగించాలి, కుర్చీ వెనక్కి జరగకూడదు. కాలిబ్రేషన్‌లో, అంటే పెడల్ హద్దులను గేమ్‌కు చెప్పే అమరికలో, నూరు శాతం బ్రేకును ఒంట్లోని శక్తంతా పెట్టి తొక్కినచోట కాకుండా, ప్రతి ల్యాప్‌లోనూ అలసిపోకుండా తొక్కగలిగే బలం దగ్గర పెట్టాలి. పాదం ఆనించగానే బ్రేకు పడుతుంటే కాస్త డెడ్ జోన్ ఇవ్వాలి, అంటే మొదటి కొద్దిపాటి ఒత్తిడిని గేమ్ పట్టించుకోకుండా చేయాలి. కొత్త సామాను కొనేముందు ఒక సాయంత్రం ఈ సర్దుబాటుకు కేటాయించండి.