ఏ సీసీఐ? పత్తిదా, సిమెంటుదా?

కరీంనగర్‌లో ఒక ఇంటికి ఒకే రోజు రెండు కబుర్లు వచ్చాయనుకుందాం. పొద్దున దుబాయ్ నుంచి కొడుకు ఫోన్ చేసి "ఈ నెల ఓటీ మంచిగ దొరికింది" అన్నాడు. సాయంత్రం దవాఖాన నుంచి చిన్నాయన ఫోన్ చేసి "అవ్వను ఓటీలకు తీస్కపోయిండ్రు" అన్నాడు. మొదటి ఓటీ వింటే వేములవాడ రాజన్నకు కోడె మొక్కు తీర్చుకోవాలనిపిస్తుంది. రెండోది వింటే కొత్తగా మొక్కుకోవాలనిపిస్తుంది. ఒకటి ఓవర్‌టైం, ఇంకొకటి ఆపరేషన్ థియేటర్. ఇంట్లో ఎవరూ తికమకపడరు. ఎవరి నోట వచ్చిందో, ఎక్కణ్నుంచి వచ్చిందో చూసి అర్థం చేసుకుంటారు.

తికమకంతా అమెరికాలో ఉన్న ఆడబిడ్డకే. అక్కడ ఆపరేషన్ చేసే గదిని 'ఓఆర్' అంటారు. ఆస్పత్రి మాటగా 'ఓటీ' అంటే ఆక్యుపేషనల్ థెరపీ. పక్షవాతం వచ్చిన మనిషికి గుండీ పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం మళ్లీ నేర్పించే చికిత్స అది. అవ్వ 'ఓటీలో ఉంది' అని వాట్సాప్‌లో చదివి, ప్రమాదం గడిచి కోలుకుంటోందని ఆ పిల్ల అనుకుంటే తప్పు ఎవరిది?

ఇంగ్లిష్ వస్తే చాలు, ఏ దేశంలోనైనా బతకొచ్చని మన దగ్గర గట్టి నమ్మకం. పుస్తకాల ఇంగ్లిష్ వరకు అది నిజమే కావచ్చు. వాడుక మాటలు, పొడి అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లిష్ ఒక్కటిగా ఉండదు. పీటీవో అంటే మన పరీక్ష కాగితం అడుగున 'పేజీ తిప్పండి' అని. అమెరికా ఆఫీసులో జీతంతో కూడిన సెలవు. "మావాడు 2022 పాసవుట్" అని కరీంనగర్ తండ్రి గర్వంగా చెబుతాడు. అదే మాట అమెరికాలో చెబితే పిల్లవాడు స్పృహ తప్పాడేమోనని కంగారుపడతారు. ఇది మనవాళ్లు పుట్టించిన తప్పు కూడా కాదు. బ్రిటిష్ సైనిక శిక్షణాలయాల్లో 'పాసింగ్ అవుట్ పరేడ్' ఇప్పటికీ ఉంది. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లను తీసుకెళ్లే విభాగాన్ని మనం క్యాజువాలిటీ అంటాం. బీబీసీలో 1986 నుంచి వస్తున్న ఆస్పత్రి సీరియల్ పేరు కూడా అదే. అమెరికాలో 1994లో మొదలైన అలాంటి సీరియల్ పేరు 'ఈఆర్'. అక్కడ క్యాజువాలిటీ అంటే గది కాదు, యుద్ధంలోనో ప్రమాదంలోనో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు.

పెద్దపెద్దవాళ్లే ఈ గోతిలో పడ్డారు. 'ఎల్‌వోఎల్' అంటే పగలబడి నవ్వడమని ఇవాళ ఇంటర్ పిల్లలకూ తెలుసు. అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ మాత్రం అది 'బోలెడంత ప్రేమతో' అనుకుని తన సందేశాల కింద పెట్టేవారట. పత్రికల తీరుపై జరిగిన విచారణలో 2012లో మాజీ పత్రికా సంపాదకురాలు రెబెకా బ్రూక్స్ ఈ సంగతి చెప్పారు. 'ఓఎంజీ' ఈకాలపు పిల్లల చేష్ట అని విసుక్కునేవాళ్లు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. 1917లో చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో దాన్ని వాడినవాడు లార్డ్ ఫిషర్. అప్పటికి ఆయన డెబ్బై ఏళ్లు దాటిన మాజీ నౌకాదళ అధిపతి.

దేశాల మధ్య తేడా అలా ఉంచి, గోదావరిఖనికి వెళ్దాం. ఇంగ్లండ్ ఇంగ్లిష్ బొగ్గుపొడి అంటుకుని ఎలా మారిందో చూడటానికి అంతకన్నా మంచి చోటు లేదు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వడం మొదలుపెట్టింది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. యంత్రాలతోపాటు బ్రిటిష్ గనుల మాటలూ దిగుమతయ్యాయి. ఏటవాలుగా భూమిలోకి దిగే గని 'ఇంక్లైన్'. గోదావరిఖనిలో '8 ఇంక్లైన్ కాలనీ' అని ఊరి పేరే ఉంది. హాజరు 'మస్టర్'. "నెలకు ఎన్ని మస్టర్లు పడ్డయి?" అంటే ఎన్ని రోజులు పనికి పోయావని. వారపు సెలవు 'ప్లేడే'. ఇది ఆటల రోజు కాదు. పని లేని రోజును బ్రిటన్ గని కార్మికులు అలా పిలిచేవారు. అక్కడ గనులూ పోయాయి, మాటా మరుగున పడింది. ఇక్కడ మాత్రం "ప్లేడే డ్యూటీ పడిందా?" అనే ప్రశ్న చాయ్ హోటల్‌లో రోజూ వినిపిస్తుంది. ఇక 'పీహెచ్‌డీ డ్యూటీ' అంటే సెలవు దినాన చేసే పని. విశ్వవిద్యాలయంలో అయిదారేళ్లు కష్టపడితేగాని రాని మూడక్షరాలు గని కార్మికుడికి పండగ రోజున వచ్చేస్తాయి.

అదే బొగ్గుగడ్డ మీద 'అన్‌ఫిట్' అనే మాట బరువు వేరు. ఆరోగ్యం చెడి ఇక గని దిగలేడని వైద్య బోర్డు తేలిస్తే కార్మికుడు 'అన్‌ఫిట్' అవుతాడు, వారసుడికి 'డిపెండెంట్' ఉద్యోగానికి దారి దొరుకుతుంది. "నాయిన అన్‌ఫిట్ అయిండు, కొడుకు ఎక్కిండు" అన్న ఒక్క వాక్యంలో ఒక తరం ఊపిరితిత్తులు, ఇంకో తరం పెళ్లి సంబంధం రెండూ ఉన్నాయి. లండన్ కుర్రకారు వాడుకలో ఫిట్ అంటే అందగాడు, అందగత్తె. రెండు చోట్లా అక్షరాలు అవే. నవ్వు మాత్రం ఒకచోటే వస్తుంది.

రామగుండంలో మరో చిత్రం. అక్కడ ఎన్టీపీసీ అంటే కంపెనీ మాత్రమే కాదు, బస్సు దిగే చోటు. ఎఫ్‌సీఐ అంటే ఎరువుల కార్ఖానా. భారత ఎరువుల సంస్థ 1961లో ఏర్పడింది. రామగుండంలో దాని ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. ఇదే ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో వడ్లు పండించే రైతునో, రైస్‌మిల్లు యజమానినో అడిగితే ఎఫ్‌సీఐ అంటే బియ్యం తీసుకునే భారత ఆహార సంస్థ, 1965లో పుట్టింది. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. పేర్లు పెట్టినవాళ్లకు అక్షరాల కరువు వచ్చినట్టుంది. మూతపడ్డ చోటే వచ్చిన కొత్త ఎరువుల కార్ఖానాను 2022 నవంబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు. దాని పేరు ఆర్‌ఎఫ్‌సీఎల్. పాతవాళ్ల నోట ఎఫ్‌సీఐ ఇంకా పోలేదు.

ఆదిలాబాద్‌ది ఇంకా విచిత్రం. అక్కడ పత్తి రైతు నోట సీసీఐ అంటే భారత పత్తి సంస్థ. మద్దతు ధరకు కొంటుంది, తేమ 12 శాతం దాటితే కొనదు. అందుకే చలికాలం పొద్దున మార్కెట్ యార్డులో బండి దిగకముందే గొడవ మొదలవుతుంది. అదే పట్టణంలో ఉద్యోగం పోయిన కుటుంబాన్ని అడిగితే సీసీఐ అంటే భారత సిమెంటు సంస్థ, 1990ల చివర్లో పొయ్యి ఆరిన ఫ్యాక్టరీ. 'సీసీఐని తెరవాలి' అని ఒక ధర్నా, 'సీసీఐ కొనుగోళ్లు తెరవాలి' అని ఇంకో ధర్నా. ఊరి బయటి మనిషి రెండింటికీ తేడా పట్టలేడు. ఢిల్లీ వ్యాపార పత్రికలో సీసీఐ కనిపిస్తే అది గుత్తాధిపత్యాలపై కన్నేసే పోటీ కమిషన్. ముంబయిలో క్రికెట్ క్లబ్బు. అదే ఆదిలాబాద్‌లోని రిమ్స్ ఆస్పత్రి పేరులో ఆర్ అంటే రాజీవ్, రాంచీ రిమ్స్‌లో రాజేంద్ర, ఇంఫాల్ రిమ్స్‌లో ఆ అక్షరానికి మనిషి పేరుతో సంబంధమే లేదు, ప్రాంతీయ సంస్థ అని అర్థం. ఇంగ్లిష్ అక్షరాలు విశ్వవ్యాప్తమన్న గొప్ప ఇక్కడ తేలిపోతుంది. ఒక దేశంలో, ఒక జిల్లాలో, ఒక్కోసారి ఒక ఊళ్లోనే అవి ఒకే సంగతి చెప్పవు.

ఇంతకీ తెలుగు నాలుక ఈ అక్షరాలను ఊరికే ఒప్పుకోలేదు. సంధి చేసి తన దారికి తెచ్చుకుంది. ఎం, ఎల్, ఏ మూడూ కలిసి ఎమ్మెల్యే అయ్యాయి. ఎస్సై, ఎస్సారెస్పీ, ఎమ్మార్వో అలాంటివే. 1985లో మండలాలు వచ్చాక పుట్టిన ఎమ్మార్వో తర్వాత కాగితాల మీద తహసీల్దార్ అయ్యాడు. పల్లెలో ఆయన ఇప్పటికీ 'ఎమ్మార్వో సారే'. అంటే ఉర్దూ పాలన నాటి పాత మాట ప్రభుత్వానికి కొత్తదైంది, ఇంగ్లిష్ అక్షరాలు జనానికి సొంతమయ్యాయి.

కరీంనగర్ బస్టాండు దగ్గర పంక్చర్ షాపులో వినిపించే 'స్టెప్నీ' సంగతీ అంతే. మోటారు కార్లకు అదనపు చక్రం లేని రోజుల్లో, 1904లో, వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో డేవిస్ సోదరులు దాన్ని తయారుచేశారు. వాళ్ల దుకాణం స్టెప్నీ వీధిలో ఉండేది. ఆ వీధి పేరే చక్రానికి వచ్చింది. ఇవాళ లండన్‌లో స్టెప్నీ అడిగితే తూర్పు వైపున్న పేటకు దారి చూపిస్తారు. కరీంనగర్‌లో అడిగితే డిక్కీ తెరుస్తారు. ఆ డిక్కీ కూడా బ్రిటన్‌లో పాత కార్ల వెనక మడత సీటుగా పుట్టి అక్కడ కాలంచేసిన మాటే. మన మెకానిక్‌ది తప్పుడు ఇంగ్లిష్ అని నవ్వే కార్పొరేట్ శిక్షకుడికి ఈ రెండు మాటల పుట్టుపూర్వోత్తరాలు తెలిసి ఉంటే కొంచెం నెమ్మదిగా నవ్వేవాడు.

గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఈ పాఠం ఏ శిక్షకుడూ లేకుండానే నేర్చుకున్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి వెళ్లిన మనిషి అక్కడ ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ 'సీఆర్' అంటే మరుగుదొడ్డి అని మొదటి వారంలోనే పట్టేస్తాడు. మన కాలేజీలో సీఆర్ క్లాసు లీడరు. నివాస అనుమతి అకామా. పనిచేసే చోటు వదిలి కాగితాల్లేకుండా తిరిగే మనిషి 'కల్లివెల్లి'. అరబ్బుల వాడుకలో అది 'పోనీలే, వదిలెయ్' అనే మాట. మన పల్లెల్లో ఆ మాట వింటే ఏ తల్లికైనా గుండె జారుతుంది.

అయితే ఈ కథంతా సరదాగానే సాగదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక అంశాన్ని 'టేబుల్' చేయడంపై బ్రిటిష్, అమెరికన్ అధికారులు చాలాసేపు వాదులాడుకున్నారని చర్చిల్ రాశాడు. బ్రిటిష్‌వాళ్లకు ఆ మాటకు అర్థం వెంటనే చర్చకు పెట్టడం, అమెరికన్లకు పక్కన పెట్టడం. ఇద్దరూ కోరింది ఒక్కటేనని తర్వాత తేలింది. సేనాధిపతులు కాబట్టి కూర్చుని తేల్చుకున్నారు. పాస్‌పోర్టు చేతపట్టుకున్న పల్లె మనిషికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

ఆ పాస్‌పోర్టు మీద ఉండే మూడక్షరాలు ఈసీఆర్, అంటే 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్'. ముఖ్యంగా పదో తరగతి దాటనివాళ్లకు ఆ ముద్ర పడుతుంది. గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు పనికోసం వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం కింద వాళ్లు ముందుగా అనుమతి తీసుకోవాలి. పంపే ఏజెంటు, పిలిచే యజమాని, ఇస్తామన్న జీతం సరైనవేనా అని ప్రభుత్వం చూడాలన్నది దాని ఉద్దేశం. అంటే అది చదువు తక్కువైనవాడికి ఇచ్చిన రక్షణ. కానీ తెలుగులో ఎవరూ విప్పి చెప్పని ఆ మూడక్షరాలను పల్లెలో ఒక మచ్చలా చూస్తారు. "నీది ఈసీఆర్, కష్టం" అని ఏజెంటు అంటాడు. విజిట్ వీసా మీద పంపే దొడ్డిదారి చూపిస్తాడు, దానికీ డబ్బు తీసుకుంటాడు. 'వెళ్లేముందు ఇతని క్షేమం తనిఖీ చేయాలి' అని తెలుగులో ఒక్క వరుస ఉంటే ఆ బేరం అంత సులువుగా కుదిరేది కాదు. చదువు రానివాడి కోసమే పెట్టిన ముద్రను చదువుకున్నవాడికే అర్థమయ్యేలా రాయడం కన్నా పెద్ద తప్పు వాడుక ఇంగ్లిష్‌లో ఎక్కడా కనిపించదు.

ఇందులో పత్రికలకూ వాటా ఉంది. జాగా కలిసొస్తుందని 'ఆర్‌వోఎఫ్‌ఆర్ పట్టాలు' అని శీర్షిక పెడతాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చేవి అవి. ఉట్నూరు చుట్టుపక్కల గూడేల్లో దానికి 'పోడు పట్టా' అనే చక్కని మాట ఉంది. అక్షరాలు లెక్కపెట్టినా అదే పొట్టిది. చాయ్ హోటల్లో, గనిలో, క్యాంపు గదిలో ఎవరి పొడి అక్షరాలు వాళ్లు వాడుకుంటారు, వాటిని దిద్దే పని ఎవరికీ లేదు. భూమి, జీతం, వైద్యం, ప్రయాణం ఉన్న కాగితం మీద మాత్రం పొడి అక్షరాల పక్కన పూర్తి పేరు తెలుగులో ఉండి తీరాలి. అర్జీ నమూనాలు అచ్చేయించే కలెక్టరేట్‌కు దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఒక వరుస సిరా చాలు.

జనం తమవనుకున్న అక్షరాలకు ఆ వరుస కూడా అవసరం రాలేదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో బండి నంబరులో ఏపీ మీద టీజీ అని అంటించుకున్నవాళ్లకు దాని అర్థం ఎవరూ విప్పి చెప్పలేదు. 2014లో రాష్ట్రం వచ్చాక బండ్లకు టీఎస్ ఇచ్చారు, 2024 మార్చిలో టీజీ వచ్చింది. కరీంనగర్‌లో ఇప్పుడు ఒకే వాకిట్లో మూడు బండ్లు కనిపించే ఇళ్లున్నాయి. తండ్రిది ఏపీ 15, పెద్దోడిది టీఎస్ 02, చిన్నోడిది టీజీ 02. తండ్రి బండి నంబరు ప్లేటు మీద అప్పట్లో అంటించిన స్టిక్కరు సగం ఊడిపోయింది, జిగురు మాత్రం ఇంకా ఉంది.