పుస్తకం అమ్మ చేతిలో ఉంటే!

మార్చి వచ్చిందంటే ఆ ఇంట్లో టీవీకి సెలవు. చుట్టాలు ఫోన్ చేసినా గుసగుసల్లోనే సమాధానం. కారణం... పదో తరగతి పరీక్షలు! జీవశాస్త్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని అమ్మాయి గుండె పాఠం చదువుతోంది. ఇది నాలుగోసారి. 'మొత్తం వచ్చేసిందమ్మా' అంటుంది ధీమాగా. తీరా బొమ్మ గీశాక కుడి జఠరిక ఎటు, ఎడమ జఠరిక ఎటు అన్నచోట పెన్సిల్ ఆగిపోతుంది. కళ్లలో నీళ్లు. చదవలేదా అంటే చదివింది. మరి తేడా ఎక్కడొచ్చింది?

పుస్తకం ఎదురుగా ఉన్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటాయి. చిక్కంతా అక్కడే! అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ఓ ప్రయోగం ఈ సంగతే చెబుతుంది. కాలేజీ విద్యార్థులతో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. మరో పాఠాన్ని ఒకసారి చదివించి, తర్వాత గుర్తున్నదంతా చూడకుండా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష రాసినవాళ్లకు రెండుసార్లు చదివిన పాఠమే బాగా గుర్తుంది. వారం తర్వాత రాసినవాళ్ల విషయంలో ఫలితం తారుమారైంది. చూడకుండా రాసిన పాఠం 56 శాతం గుర్తుంటే, రెండుసార్లు చదివింది 42 శాతమే!

అంటే మళ్లీ మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం మేలన్నమాట. ఈ పనిలో ఇంట్లోవాళ్లూ సాయపడొచ్చు. సైన్సు తెలియకపోయినా ఫర్వాలేదు. ఏడో తరగతితో చదువాపేసిన అమ్మయినా సరే, పుస్తకం తన చేతిలోకి తీసుకుని పాఠం చివరి ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగితే చాలు. పిల్ల చెప్పింది పుస్తకంలో ఉన్నదానితో సరిచూస్తే చాలు. తప్పు చెబితే కోప్పడక్కర్లేదు. ఆ ప్రశ్న పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి, రెండు రోజులాగి మళ్లీ అడగాలి.

అలా అడిగితే చిన్నచిన్న పొరపాట్లు ఇంట్లోనే బయటపడతాయి. గుండె బొమ్మనే తీసుకోండి. అది మనకు ఎదురుగా నిలబడిన మనిషి గుండె. కాబట్టి కాగితం మీద ఎడమవైపు కనిపించేది నిజానికి కుడివైపు. ఒంటికంతా రక్తాన్ని పంపాల్సింది ఎడమ జఠరిక కాబట్టి దాని గోడ మందంగా ఉంటుంది. కుడి జఠరిక పంపేది ఊపిరితిత్తులకే. ఈ కారణం తెలిస్తే బొమ్మ బట్టీ పట్టక్కర్లేదు.

భౌతికశాస్త్రంలోనూ అంతే. 6 ఓంలు, 3 ఓంల నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధమెంత? 1/6, 1/3 కూడితే 1/2 వస్తుంది. అక్కడే ఆగిపోయి అర ఓం అని రాసేసే పిల్లలున్నారు. దాన్ని తిరగేస్తేనే అసలు జవాబు... 2 ఓంలు! ఓం నియమం రాసేటప్పుడు 'ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు' అన్న మాట వదిలేయడం, కిరణ చిత్రాల్లో బాణం గుర్తులు మరచిపోవడం కూడా ఇలాంటివే. తెలియక కాదు, చేత్తో రాసి చూసుకోక!

పరీక్ష ముందురోజు రాత్రి కొత్త పాఠం జోలికి పోవద్దు. చుక్కలు పెట్టిన ప్రశ్నలు మాత్రం ఒకసారి చూసుకుని, వేళకు పడుకోవాలి. తెల్లవార్లూ మేలుకుంటే, వచ్చిన జవాబు కూడా సమయానికి గుర్తురాదు.

ఇప్పుడా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక అరగంట ప్రశ్నల కార్యక్రమం. 'ఎడమ గోడ ఎందుకే అంత మందం?' అంటుంది అమ్మ. అమ్మాయి చెబుతుంది. అమ్మ పుస్తకంలో వేలు పెట్టి వెతికి, సరేనన్నట్టు తలూపుతుంది. చుక్కలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. మర్నాడు పప్పు తాలింపు వేస్తూ అమ్మ అదే జవాబు తనలో తాను చెప్పుకుంటుంటే అమ్మాయి విని నవ్వుకుంది!